తొమ్మిదేళ్ల వాడకం: మా జిమ్‌లో ఏ సామాను సంపాదించింది, ఏది తినేసింది

2016 జూన్‌లో కాకినాడలో 2,000 చదరపు అడుగుల మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని జిమ్ తెరిచాను. పెద్ద చెయిన్ల పేరు అరువు తెచ్చుకోలేదు. బోర్డు నాది, అప్పూ నాదే. అప్పుడు కొన్న సామానులో సగం ఇంకా పనిచేస్తోంది. కొంత రెండోసారి కొన్నాను. మిగిలింది పాత ఇనుము కొట్టుకు చేరింది. జిమ్ పెట్టాలనుకునే కుర్రాళ్లు నెలకు ఒకరైనా వచ్చి ‘ఏ మిషన్లు కొనమంటారండీ’ అని అడుగుతుంటారు. ప్రతి ఒక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయను. నన్ను ముంచిన సరఫరాదారు మరొకరికి మంచి సరుకే ఇచ్చి ఉండవచ్చు.

ముందు ట్రెడ్‌మిల్లుల సంగతి చెప్పాలి, ఎందుకంటే పెట్టుబడిలో మూడో వంతు వాటికే పోయింది. మొదట నాలుగు కొన్నాను. రెండు ఏసీ మోటారువి, రెండు డీసీ మోటారువి. డీసీవి సగం ధరకే వచ్చాయి, పైగా వాటి మీద ‘4 హార్స్‌పవర్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అది కాసేపు మాత్రమే లాగగలిగే పీక్ సామర్థ్యమని, గంటల తరబడి నిలకడగా లాగే సామర్థ్యం వేరే ఉంటుందని, అది దీనికంటే బాగా తక్కువని నాకు బిల్లు కట్టాక తెలిసింది. ఇంట్లో భార్యాభర్తలు చెరో అరగంట నడవడానికి డీసీ మోటారు చాలు. ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఒకరు దిగీ దిగకముందే మరొకరు ఎక్కే చోట దానికి చల్లారే వ్యవధి దొరకదు. లోపలి కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, ఆ పొడి లోపలే పేరుకుంటుంది. ఒకటి 14 నెలలకు, రెండోది రెండేళ్లకు మూలన పడ్డాయి.

ఏసీ మోటారువి రెండూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి మోటార్లకు బ్రష్‌ల గొడవ లేదు. వాటిలో పోయేది మోటారును నడిపించే కంట్రోలర్ బోర్డు. రెండుసార్లు బోర్డు మార్చాక, మూడోసారి వచ్చిన మెకానిక్ గాని అసలు కారణం చెప్పలేదు. బెల్టుకూ దాని కింది చెక్కకూ మధ్య ఉండే సిలికాన్ నూనె ఆరిపోతే రాపిడి పెరుగుతుంది. రాపిడి పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ భారమంతా బోర్డు మీద పడి అది కాలిపోతుంది. కొన్ని వందల రూపాయల నూనె వేయనందుకు 18,000 రూపాయల బోర్డు, అదీ రెండుసార్లు. అమ్మిన మనిషి ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది. బోర్డులు అమ్మేదీ అతనే కాబట్టి చెప్పలేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

దానికి తోడు ఇసుక. బీచ్ రోడ్డులో నడిచి, అవే బూట్లతో వచ్చి ట్రెడ్‌మిల్ ఎక్కేవారు. బెల్టు కింద ఇసుక చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే. లోపల వేసుకునే బూట్లు వేరే తెచ్చుకోవాలని నియమం పెట్టాను. ఇద్దరు సభ్యులు అలిగి మానేశారు. వాళ్లిద్దరి ఏడాది ఫీజు కలిపినా ఒక బోర్డు ఖరీదు కూడా రాదు. ఆ తర్వాత బెల్టు మన్నిక దాదాపు రెట్టింపైంది.

ఇక స్థలం లెక్క. ట్రెడ్‌మిల్ ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఎవరైనా జారితే వెనక గోడకు కొట్టుకోకుండా ఆరడుగులు వదలాలి, పక్కన మనిషి నడిచే జాగా వదలాలి. మొత్తం 60 చదరపు అడుగులు. నా అద్దె చదరపు అడుగుకు 24 రూపాయలు. అంటే ఒక్కో ట్రెడ్‌మిల్ నిలబడ్డ నేలకే నెలకు 1,440 రూపాయలు. రద్దీగా ఉండే మూడు గంటల్లో, మనిషికి అరగంట చొప్పున, దాని మీద ఎక్కగలిగేది ఆరుగురు. అంతే నేలలో డంబెళ్ల స్టాండు, రెండు బెంచీలు వేస్తే ఒకేసారి నలుగురైదుగురు సర్దుకుని చేసుకుంటారు. పైగా వాటికి కరెంటు బిల్లు లేదు.

ఇంత తిట్టాక కూడా ట్రెడ్‌మిల్ లేకుండా జిమ్ తెరవమని ఎవరికీ చెప్పను. మొదటిసారి మెట్లెక్కి వచ్చినవారు తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టేది వాటినే. 2018లో రెండు డీసీ మిషన్లూ మూలన పడ్డాక నాలుగు నెలలు రెండింటితోనే నడిపాను. చేరదామని వచ్చి, చుట్టూ చూసి, ‘ఇంతేనాండీ’ అని వెళ్లిపోయినవారి సంఖ్య ఆ నాలుగు నెలల్లో నాకు బాగా గుర్తు. అప్పుడే ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎవరు ఏం చేస్తున్నారు, మూడు నెలలు తిరిగాక మళ్లీ కట్టారా లేదా అని రాసుకుంటూ వచ్చాను. వచ్చీ రాగానే ట్రెడ్‌మిల్ ఎక్కి, చెమట పట్టగానే ఇంటికి వెళ్లేవారు ఎక్కువగా రెండో నెలలోనే జారుకున్నారు. బరువులు ఎత్తడం నేర్చుకున్నవారు నిలిచారు. పోయిన వారం 30 కిలోలు, ఈ వారం 35 కిలోలు అనే లెక్క మనిషిని మళ్లీ రప్పిస్తుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి పది రోజుల్లోనే స్క్వాట్ (బారు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బారును నిలబడి పైకి లేపడం) నేర్పిస్తాం, ప్లేట్లు ఎక్కించని ఖాళీ బారుతోనైనా సరే.

ఆ బార్లు, ప్లేట్లు, డంబెళ్లు తొమ్మిదేళ్లుగా నాకు తిండి పెట్టాయి. ప్లేట్లు కిలో ధరకు అమ్ముతారు, కాబట్టి మీరు కొనేది కూడా తూకం వేసే కొనండి. మొదటి లోడులో ‘20’ అని పోతపోసిన ఒక ప్లేటును అనుమానం వచ్చి పక్క వీధి కాటా మీద పెడితే 18.6 కిలోలు తూగింది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి వేసి ఎత్తే మనిషి నడుముకు అది తెలుస్తుంది. మొత్తం లోడు తూకం వేయించి, తక్కువ వచ్చిన డబ్బు రాబట్టడానికి మూడు నెలలు ఫోన్లు చేశాను.

బారు విషయంలో మాత్రం చవకకు పోవద్దు. అసలు ఒలింపిక్ బారు 20 కిలోలు, 2.2 మీటర్లు, ప్లేట్లు ఎక్కించే చివర్ల మందం 50 మిల్లీమీటర్లు. నేను మొదట కొన్న ఆరింటిలో నాలుగు ఏడాదిలోపే వంగాయి. చివర్లు విడిగా తిరగడానికి లోపల బేరింగ్ గాని, సరైన బుష్ (లోహపు తొడుగు) గాని లేక ప్లేట్లతో పాటు బారు కూడా చేతిలో తిరగబోయేది. ఆ తర్వాత అంతకు మూడింతలు పెట్టి కొన్న రెండు బార్లు ఇవాళ్టికీ నిటారుగా ఉన్నాయి. మా ఊరి ఉప్పుగాలికి ఏ పూత ఉన్నా తుప్పు పడుతుంది. వారానికోసారి ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్ది, కుట్టుమిషను నూనె రాసి, పాత పంచెతో తుడుస్తాం. గంట పని. ఆ గంటను బద్ధకించిన ఏడాది బార్లు అప్పడాల్లా పెచ్చులు లేచాయి.

స్త్రీల బ్యాచ్ మొదలుపెట్టాక నాకు తట్టిన సంగతి ఇంకొకటి. స్త్రీల పోటీల బారు 15 కిలోలు ఉంటుంది, పట్టు కూడా సన్నగా, 25 మిల్లీమీటర్లు ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన విషయం గోడ మీద పోస్టరుగా పెట్టుకుని, కింద మాత్రం చిన్న చేతుల్లో ఇమడని లావు బార్లు ఉంచాను. అయిదేళ్లకు గాని సన్న బారు కొనలేదు. నా బుద్ధితక్కువతనమే.

2020 మార్చిలో మూతపడ్డప్పుడు ఈ ఇనుమే నన్ను గట్టెక్కించింది. ఆగస్టు 5 నుంచి జిమ్‌లు తెరవవచ్చని కేంద్రం అనుమతించే దాకా తలుపు తీయలేదు. అద్దె నడుస్తూనే ఉంది. మా బావ ఇచ్చిన సలహాతో డంబెళ్లను, ప్లేట్లను డిపాజిట్ తీసుకుని సభ్యుల ఇళ్లకు నెల అద్దెకు ఇచ్చాను. రెండో నెలకు స్టాండు మొత్తం ఖాళీ. పూర్తి అద్దె రాకపోయినా సగానికి పైగా దాంతో కట్టాను. ట్రెడ్‌మిల్లులు మాత్రం దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయి. లేచేసరికి ఒకదాని రోలరు బేరింగ్ పట్టేసింది.

కేబుల్ మిషన్లకు నా మార్కులు పదికి ఆరు. పైనున్న బారును కిందికి లాగే ల్యాట్ పుల్‌డౌన్, రెండు పక్కల కేబుళ్లను ముందుకు లాగే క్రాస్ ఓవర్ లేని జిమ్ ఉండదు, కొత్తవాళ్లకు అవి భయం లేకుండా చేసుకునే మిషన్లు. అయితే కేబుల్ తెగే వస్తువని గుర్తుంచుకోండి. 2019లో ఒక కుర్రాడు ల్యాట్ పుల్‌డౌన్ చేస్తుండగా కేబుల్ పుటుక్కున తెగింది. బారు తొడల మీద పడింది కాబట్టి సరిపోయింది. తల మీద పడి ఉంటే నేను ఇవాళ ఇది రాసే స్థితిలో ఉండేవాణ్ని కాదు. కొని అప్పటికి మూడేళ్లు, చూడడానికి పైన ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతోంది. లోపల తీగలు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి, అదీ బిగింపు ముడి దగ్గర. ఇప్పుడు నెల మొదటి ఆదివారం ప్రతి కేబుల్ పొడవునా దూది ముద్ద నడిపిస్తాం. దూది పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ బయటికి పొడుచుకు వచ్చినట్టే, ఆ రోజే మార్చేస్తాం. ముడి దగ్గర తొడుగు ఉబ్బినా, పగిలినా అంతే. కంపెనీ కేబుల్ కోసం ఎదురుచూడక్కర లేదు. అదే మందం, అదే బరువు మోసే వైరు రోపు ఊళ్లోనే దొరుకుతుంది. అరిగిన పుల్లీలను లేత్ షాపులో నైలాన్ కడ్డీతో చేయించుకుంటాను, బేరింగ్ బయట దొరికే మామూలు కొలతదే. కాబట్టి కొనేటప్పుడే బేరింగ్ నంబరు అడగండి. అమ్మేవారు చెప్పలేకపోతే ఆ మిషను వద్దు.

మీరట్, జలంధర్ నుంచి వచ్చే మిషన్లను చిన్నచూపు చూసేవారున్నారు. నా లెగ్ ప్రెస్ అక్కడిదే. వెల్డింగ్ మొరటుగా ఉంది, రంగు రెండుసార్లు వేయించాను, పని మాత్రం దిగుమతి మిషనుకు తీసిపోదు. సీట్ల రెక్సిన్ మాత్రం అందరిదీ ఒకటే ఏడుపు: చెమటకు కుట్లు కుళ్లి విడిపోతాయి. ఆటో సీట్లు కుట్టే అబ్బాయి మందపాటి రెక్సిన్‌తో, గట్టి ఫోమ్‌తో కుట్టినవి కంపెనీవాటికంటే ఎక్కువ కాలం ఉన్నాయి.

నేల గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. మా కింది అంతస్తులో దంతవైద్యుడి క్లినిక్. మొదటి ఏడాది 10 మిల్లీమీటర్ల రబ్బరు పరిచాను. ఒక సాయంత్రం డాక్టరుగారు పైకి వచ్చి, కోపాన్ని మింగుకుంటూ, ‘చేతిలో డ్రిల్లు, కుర్చీలో పేషెంటు ఉన్నప్పుడు మీవాళ్లు పైన బరువు పడేస్తే నాకు చెయ్యి అదురుతోందండీ’ అన్నారు. మర్నాడే డెడ్‌లిఫ్ట్ చేసే మూలన ప్లైవుడ్ రెండు పొరలు, పైన 25 మిల్లీమీటర్ల టైల్స్ వేయించాను. చప్పుడు పూర్తిగా పోలేదు. గొడవ పోయింది, ఏడాదికి డాక్టరుగారే వచ్చి సభ్యుడయ్యారు. కొనేటప్పుడు రబ్బరు వాసన చూడండి. ఘాటుగా ఉంటే మూసిన ఏసీ గదిలో ఆరు నెలలైనా పోదు.

హాజరుకు వేలిముద్రల మిషను కొన్నాను. ఏడాదిపాటు బారు గరుకు పట్టుకున్న చేతులకు ముద్రలే పడవని తర్వాత తెలిసింది. నిక్కచ్చిగా రోజూ వచ్చేవారినే అది గుర్తుపట్టేది కాదు! ఇప్పుడు ముఖం చూసి తలుపు తీసేది వాడుతున్నాం, ఫర్వాలేదు. ఫీజుల సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికోసారి కట్టేవాణ్ని. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం రోజులు మానేస్తే వాళ్ల గడువు ఆపే వీలు అందులో లేదు. నవంబరు వచ్చిందంటే నోటు పుస్తకమే దిక్కు. మానేశాను.

కొత్తగా కొనేవారు పన్ను మార్పు గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, దాంతో పాటే ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. సభ్యుడికి ఇది మేలు. అయితే ఇదివరకు మిషను కొన్నప్పుడు కట్టిన పన్నును ఫీజుల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకునేవాళ్లం. ఇప్పుడు అది పూర్తిగా మన ఖర్చే. అంటే ఖరీదైన మిషను ఇదివరకటికంటే నిజంగానే ఎక్కువ ఖరీదైంది.

మూలన పడ్డ ఆ రెండు డీసీ ట్రెడ్‌మిల్లులను చాలాకాలం అమ్మలేకపోయాను, పెట్టిన డబ్బు కళ్లముందు ఉన్నట్టుండేది. చివరికి పాత ఇనుము కొట్టతను వచ్చి మోటార్లలో రాగి ఒక ధర, మిగతాది ఒక ధర అని తూకం వేసుకున్నాడు. రెంటికీ కలిపి వచ్చిన డబ్బుతో ఒక స్క్వాట్ ర్యాక్ చేయించడానికి ఇంకో 6,000 చేతి నుంచి వేశాను. అది ఉదయం బ్యాచ్‌లో ఒక్క పది నిమిషాలు కూడా ఖాళీగా ఉండదు. పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మరీను. 1600 మీటర్ల పరుగు గ్రౌండులో తీసి, కాళ్ల బలం కోసం కుర్రాళ్లు దాని ముందు వరుస కడతారు. రెండో ర్యాక్ వెల్డరుకు చెప్పాను, సంక్రాంతి లోపు ఇస్తానన్నాడు.