రెండు అనంతగిరులు, రెండు బురదలు: ముందు చక్రానికి ఏ మడ్‌గార్డు?

తెలుగు నేల మీద సైకిల్ వాళ్లకు అనంతగిరి అంటే రెండు కొండలు. ఒకటి హైదరాబాద్‌కు పడమర, 80 కిలోమీటర్ల లోపే, వికారాబాద్ పక్కన మూసీ పుట్టే చోటు. రెండోది విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు మీద, కాఫీ తోటల నడుమ. వానాకాలంలో మౌంటెన్ బైకుకు రెండూ మంచి చోట్లే. కానీ అరకు వైపు రోజంతా ముఖం మీద చుక్క పడనివ్వని పొడుగు మడ్‌గార్డు, వికారాబాద్ కొండ కింది పొలాల్లో అర కిలోమీటరు కూడా పోనివ్వదు. లోపం మడ్‌గార్డుది కాదు, తేడా అంతా మట్టిలో ఉంది. అందుకే గది బుక్ చేసుకునే ముందు, మడ్‌గార్డు కొనే ముందు, వెళ్లే చోట మట్టి ఏమిటో తెలుసుకోవాలి.

ముందు చక్రం బురదను ఎలా విసురుతుందో చూద్దాం. చక్రం తిరిగేటప్పుడు దాని వెనక భాగం పైకి లేస్తుంటుంది, ముందు భాగం కిందికి దిగుతుంటుంది. వెనక వైపు నుంచి ఊడిన బురద నేరుగా పైకి, అంటే ఛాతీకీ గడ్డానికీ వస్తుంది. టైరు నెత్తి మీద నుంచి ఊడినది ముందుకు ఎగురుతుంది. గాలికి దాని వేగం తగ్గిపోతుంది, మనం అదే వేగంతో వెళ్లి దానికి ఎదురు తగులుతాం. దిగుడులో కళ్లలో పడేది ఎక్కువగా ఇదే. నేలకు దగ్గర్లో ఊడేది పాదాలకూ పెడల్ ఇరుసుకూ కొడుతుంది. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకునే ఫోర్కుకు కట్టే ఏ చిన్న మడ్‌గార్డూ దాన్ని ఆపదు. కాబట్టి మడ్‌గార్డుకు వెనక తోక, ముందు ముక్కు రెండూ ఉన్నాయా అన్నది మొదట చూడాలి. తోక ఒక్కటే ఉంటే ఛాతీ బాగుంటుంది, కళ్లు మాత్రం దిగుడులో మూసుకోవాల్సి వస్తుంది.

దొరికే రకాలు నాలుగు. ఫోర్కు రెండు కాళ్లనూ కలిపే వంపు, అంటే ఆర్చి, కింద జిప్ టైలతో, అంటే లాగి బిగించే సన్నటి ప్లాస్టిక్ పట్టీలతో, కట్టే పల్చని ప్లాస్టిక్ రేకు మొదటిది. ఇందులో మార్ష్ గార్డ్ బ్రాండు పొట్టిగా ఉండే రకం, మడ్‌హగ్గర్ పొడుగు రకం. ఆర్చి వెనక మర రంధ్రాలున్న కొత్త ఫాక్స్, రాక్‌షాక్స్ ఫోర్కులకు బోల్టుతో బిగించేది రెండోది. గట్టిగా ఉంటుంది, చప్పుడు చేయదు, కానీ ఆ ఫోర్కుకు తప్ప ఇంకో దానికి పట్టదు. ఎస్‌కేఎస్ షాక్‌బ్లేడ్ లాగా ఫోర్కు మెడ గొట్టంలోకి కింది నుంచి దూర్చి బిగించేది మూడోది. నాలుగోది డౌన్ ట్యూబుకు, అంటే ఫ్రేములో హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టానికి, రబ్బరు పట్టీలతో కట్టేది. దీన్ని తోడుగా వాడుకోవచ్చు గానీ ఒంటరిగా సరిపోదు.

మొదటి రెండూ ఫోర్కు కింది భాగానికే అంటుకుని, చక్రంతో పాటే పైకీ కిందికీ కదులుతాయి. అందుకే టైరుకూ వాటికీ మధ్య సందు ఎప్పుడూ మారదు, దగ్గరగా పెట్టుకోవచ్చు. మూడోది కదలని పై భాగానికి ఉంటుంది. గుంతలో పడి ఫోర్కు 100 మిల్లీమీటర్లు నొక్కుకుంటే టైరు అంత మేరా మడ్‌గార్డు వైపు వచ్చేస్తుంది. అందుకే అది టైరుకు చాలా ఎత్తున ఉండాలి. ఎత్తున ఉంటే పక్కల నుంచి కొంత బురద తప్పించుకుంటుంది, గతుకుల్లో గార్డు ఊగుతుంది. చూడ్డానికి అది లోపమే. ఓ మోస్తరు జిగట మట్టిలో మాత్రం ఆ ఎత్తే మనల్ని కాపాడుతుంది.

ఇక చోట్ల సంగతి. వికారాబాద్ అనంతగిరి కొండ మీద ఎర్రమట్టి, జేగురు రాయి, మొరం. వాన పడిన గంటలోనే నీరు ఇంకిపోయి దారి తొక్కడానికి వీలుగా ఉంటుంది. అనంత పద్మనాభస్వామి గుడి పక్క నుంచి అడవిలోకి వెళ్లే బాటల్లో మామూలు పొట్టి రేకు గార్డు చాలు. చిక్కంతా కొండ దిగాకే. కోటిపల్లి చెరువు వైపో, తాండూరు వైపో పొలాల గట్లు పట్టుకుంటే నల్లరేగడి వస్తుంది. తాండూరు కంది పండే ఆ నేల వానకు ఉబ్బి బంకలా తయారవుతుంది. ఆ బంకమట్టికి టైరు కంటే తనకు తాను అతుక్కోవడమే ఇష్టం. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కో పొర ఎక్కుతుంది, మధ్యలో గడ్డి పరకలు చేరి తాడు పేనినట్టు బిగుస్తాయి. ఆర్చి దగ్గర 10 మిల్లీమీటర్ల సందు ఉంటే పట్టుమని రెండు నిమిషాల్లో నిండిపోతుంది. ఆ తర్వాత చక్రం తిరగదు, ఈడ్చుకుపోతుంది. అక్కడ బలంగా తొక్కితే రేకు చిరుగుతుంది, లేదా జిప్ టై తెగి తోక టైరులోకి ముడుచుకుంటుంది. దిగుడులో ఇది జరిగితే హ్యాండిల్ మీద నుంచి ముందుకు పడతారు.

నల్లరేగడి తడిసి ఉన్నప్పుడు అందులోకి వెళ్లకండి. దానికి సరిపోయే మడ్‌గార్డు లేదు. తప్పనిసరిగా 200, 300 మీటర్లు దాటాల్సి వస్తే గార్డు ముందే విప్పి బ్యాగులో పెట్టి, సైకిల్ భుజాన వేసుకోండి. నెడితే రెండు చక్రాలూ నిండిపోయి సైకిల్ బరువు రెట్టింపవుతుంది. ఎవరి పొలం గట్టయినా దిగే ముందు ఎదురుపడిన పెద్దాయన్ను ‘పెద్దనాయనా, ఈ తొవ్వ గట్టిగున్నదా, రేగడి తగుల్తదా’ అని అడిగితే సరి. దారి ఎక్కడ మెత్తబడుతుందో వాళ్లకు అడుగడుగునా తెలుసు. దామగుండం అడవి వైపు వెళ్లేవాళ్లు మాత్రం ముందు వాకబు చేసుకోవాలి. అక్కడ నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, పాత బాటలన్నీ తెరిచే ఉంటాయని అనుకోకూడదు.

అరకు వైపు అనంతగిరిలో బురద గుణమే వేరు. ఎర్రమట్టి నీళ్లలో పలచగా కలిసి సాంబారులా చిమ్ముతుంది. పేరుకోదు, కానీ ఇసుక నలకలు నిండుగా ఉంటాయి. అవి ఫోర్కు మెరిసే గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల మీద చేరి, ఫోర్కు కదిలినప్పుడల్లా ఉప్పుకాగితంలా గీస్తాయి. ఇక్కడ పొడుగు గార్డు కట్టడానికి ముఖం ఒక్కటే కారణం కాదు, తోక ఆ సీళ్లకు గొడుగు పడుతుంది. పొద్దున్న పొగమంచుకు కళ్లద్దాలు తీసేయక తప్పదు కాబట్టి కళ్లకూ అదే దిక్కు. పైగా ఊళ్ల మధ్య బాటలన్నీ పశువులు నడిచేవే. పశువుల మూత్రం కలిసిన నీటి వల్ల వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. డౌన్ ట్యూబు మీది నీళ్ల సీసా మూతికి ఆ చిమ్మే బురదే తగులుతుంది. మూతి మీద మరో మూత ఉన్న సీసా, లేదా వీపు మీద నీళ్ల సంచి తీసుకెళ్లండి.

కాఫీ తోటల్లో ఇంకో చిక్కు ఉంది, అది సిల్వర్ ఓక్ ఆకు. పైన ఆకుపచ్చ, కింద వెండి రంగు, ఈకలా చీలికలు చీలికలుగా ఉంటుంది. తడిసిన ఆకు టైరు గుబ్బలకు పట్టుకుని పైకి వెళ్లి, గార్డు ముందు అంచు కింద అడ్డంగా ఇరుక్కుంటుంది. దాని వెనక రెండోది, మూడోది. కాసేపటికి ‘సర్ర్’మని చప్పుడు మొదలవుతుంది. ముందు అంచు టైరు మీదికి వంగి ఉన్న గార్డుల్లోనే ఇది ఎక్కువ. అంచును చిన్న మంట మీద వెచ్చబెట్టి 5 మిల్లీమీటర్లు పైకి తిప్పితే ఆకు జారి బయటికి పోతుంది. చప్పుడు వినగానే ఆగి, పుల్లతో తీసేయండి, వేళ్లు పెట్టొద్దు.

కొనే ముందు కొలతలు. 2.25 అంగుళాల టైరు వెడల్పు సుమారు 57 మిల్లీమీటర్లు, 2.4 అయితే 61. గార్డు వంచాక దాని వెడల్పు టైరు కంటే కనీసం 20 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఆర్చికీ టైరుకూ మధ్య చూపుడు వేలు సులువుగా దూరితే ఎర్రమట్టికి ఏ గార్డయినా కట్టుకోవచ్చు. వేలు దూరకపోతే గార్డు మార్చి లాభం లేదు, ముందు సన్నటి టైరు వేయాలి. ఆర్చి ముందు వైపు కాకుండా వెనక ఉండే మానిటౌ ఫోర్కులకు మామూలు గార్డులు సరిగా కూర్చోవు, దానికి తగిన కోత ఉన్నది చూసుకోవాలి. రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కే వి-బ్రేకుల సైకిళ్లలో బ్రేకు చేతులు రేకును నొక్కేస్తాయి. పక్క రెక్కలు కత్తిరించక తప్పదు. ఆర్చి లేని, నొక్కుకోని గట్టి ఫోర్కుకు షాక్‌బ్లేడ్ తరహాదే మేలు.

కట్టే పద్ధతి. ఫోర్కు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. జిప్ టై తగిలే నాలుగు చోట్లా పారదర్శకమైన మందపాటి టేపు అంటించండి, లేకపోతే టై కింద చేరిన ఇసుక ఒక్క వానాకాలంలోనే రంగు గీరేస్తుంది. గార్డును ఆర్చికీ టైరుకూ మధ్య దూర్చి, తోక వెనక్కి వచ్చేలా పెట్టి, ఆర్చికి రెండు, కింది కాళ్లకు చెరొకటి టై వేయండి. 200 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న నల్లవి తీసుకోండి. తెల్లవి ఎండకు త్వరగా పెళుసుబారతాయి. టై తల టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి. మెరిసే లోపలి గొట్టం చుట్టూ ఎప్పుడూ వేయకూడదు, బ్రేకు గొట్టాన్ని కలిపి బిగించకూడదు. నాలుగూ వదులుగా వేసి, గార్డు మధ్యకు వచ్చిందని చూసుకున్నాకే ఒక్కోటి బిగించండి. మిగిలిన కొసను నెయిల్ కట్టర్‌తో మొదలంటా కత్తిరించండి, లేకపోతే కడిగేటప్పుడు చెయ్యి కోస్తుంది. ఆఖరున గాలి ఫోర్కు అయితే గాలి తీసి పూర్తిగా నొక్కి చూడండి; స్ప్రింగు ఫోర్కు అయితే ముందు బ్రేకు పట్టి ఒంటి బరువంతా వేయండి. తోక ఫోర్కు కాళ్లు పైన కలిసే కిరీట భాగానికో, చిన్న ఫ్రేముల్లో డౌన్ ట్యూబుకో తగిలితే తగిలినంత మేర కత్తిరించాలి.

కొనకుండా చేసుకోవడమూ తేలికే. పెద్ద ప్లాస్టిక్ నూనె డబ్బా చదునైన పక్కను 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పున కోసి, మూలలు గుండ్రంగా చేసి, కాల్చిన మేకుతో రంధ్రాలు పెడితే ఎర్రమట్టికి ఢోకా లేదు. రంధ్రం అంచు నుంచి కనీసం 1 సెంటీమీటరు లోపలికి ఉండాలి, లేకపోతే మొదటి గుంతకే చిరిగిపోతుంది.

రవాణా, బసలో మా ఓటు ఇలా. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్‌లో అరకుకు దాదాపు 4 గంటలు. విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో టికెట్ ఉన్నా సైకిల్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లోనే వేయాలి. తైడా, బొర్రా గుహలు స్టేషన్లలో ఆగేది కొద్దిసేపే, కాబట్టి అరకుకే బుక్ చేయడం క్షేమం. వ్యాన్‌లో బస్తాలు మీద పడతాయి. పొడుగు గార్డు, షాక్‌బ్లేడ్ రకం తప్పక విప్పి చేతిలో ఉంచుకోండి, అదనంగా 10 జిప్ టైలు వేసుకోండి. జోరువానల్లో ఈ లైనులో కొండచరియలు పడి రైళ్లు ఆగిపోతుంటాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి.

తొక్కడం కోసమే వెళ్లేవాళ్లకు అరకు ఊరి కంటే అనంతగిరిలోని టూరిజం హరిత రిసార్టు దగ్గర దిగడం మంచిది. గేటు దాటితే ఘాట్ రోడ్డు, చుట్టూ తోటలు. తోటల్లోపలి బాటలకు యజమానుల అనుమతి, ఫారెస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ తోటలైతే వాళ్ల సిబ్బంది అనుమతి అడగాలి. అరకులో బసలు ఎక్కువ, తిండి సులువు, చాపరాయి వైపు రానూ పోనూ 30 కిలోమీటర్లలోపు చక్కటి సవారీ. పద్మాపురం తోటలోని చెట్టు గుడిసెలు ముచ్చటగానే ఉంటాయి, కానీ సైకిల్ పైకి ఎక్కదు, కింద వదిలేసి నిద్రపోవాలంటే మనసొప్పదు. తైడా జంగిల్ బెల్స్ ఘాట్ కింది భాగంలో ఉంది; అక్కడ దిగితే ప్రతి రోజూ ఎక్కుడుతోనే మొదలవుతుంది. డిస్కు బ్రేకు ప్యాడ్లు, టైరు చిల్లులు పూడ్చే ట్యూబ్‌లెస్ సీలెంట్ విశాఖలోనే కొనుక్కుని వెళ్లండి. ఎర్రమట్టి ఇసుక రెండు రోజుల వాన సవారీకే సగం ప్యాడు తినేయగలదు.

ఎక్కడ దిగినా ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి: సైకిల్ రాత్రి గదిలో గానీ తాళం వేసే చోట గానీ పెట్టనిస్తారా, బయట కుళాయికి పైపు ఉందా, పొద్దున్న 6 గంటలకు ఏదైనా తినడానికి దొరుకుతుందా. కుళాయి లేని చోట వాళ్లు మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగ్‌కు పంపిస్తారు. అక్కడి పంపు ధార చక్రాల ఇరుసులకూ పెడల్ ఇరుసుకూ ఫోర్కు సీళ్లకూ తగిలితే గ్రీజు పోయి నీళ్లు చేరతాయి. ‘అన్నా, టైర్లకు మాత్రమే కొట్టు’ అని పక్కనే నిలబడి చెప్పాలి. మిగతాది బకెట్టు, గుడ్డతో కడుక్కోవాలి. గార్డు లోపలి వైపు ఎర్రమట్టిని ఆరకముందే తుడవండి. ఆరితే ఇటుకలా గట్టిపడి మర్నాటి సందు 5 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. గార్డుకూ ఆర్చికీ మధ్య ఇరుక్కున్న ఇసుక నీళ్లు పోస్తే పోదు. ఆర్చి మీది రెండు టైలూ కోసి, తుడిచి, కొత్తవి వేయండి.