పేరు లేని బొంతతో చిత్తూరు దాకా

హైదరాబాద్‌లో ఒక మ్యూజియం వాళ్లు నా బొంతల్లో తొమ్మిదింటిని ప్రదర్శనకు అడిగారు. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు ఎంత సంతోషమో, ఆ తర్వాత వారమంతా అంత టెన్షన్. ఒక్కో బొంతకు ఒక ఫారం నింపాలి. పొడవు, వెడల్పు, చిరుగులు, మరకలు, ఏ ఊరిది, ఎవరు కుట్టారు. ఆ చివరి గడి దగ్గరే చెయ్యి ఆగిపోయేది. తొమ్మిదింటిలో రెండు చిత్తూరు వైపు నుంచి వచ్చినవి. రెండింటికీ 'తెలియదు' అని రాసి ఫారాలు పంపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి లేబుళ్లు ప్రింటుకు ఎప్పుడు పోతాయని అడిగితే ఇంకా పన్నెండు రోజులుందన్నారు. సాయంత్రానికల్లా నాకూ మా చెల్లెలికీ తిరుపతికి టికెట్లు తీశాను.

ఎప్పటినుంచో బొంతలు పోగుచేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గర 63 ఉన్నాయి. రోజూ వాటితో ఏదో ఒక పని ఉంటుంది. బీరువాలోంచి నాలుగేసి తీసి నీడలో గాలికి ఆరబెట్టాలి, పురుగు తగిలిందేమో అంచులు తడిమి చూడాలి, మళ్లీ చుట్టి పెట్టాలి. మడతపెట్టకూడదు. మడత పడ్డచోటే ఏళ్ల తరబడి ఒత్తిడి పడి నూలు పోగులు తెగిపోతాయి. అందుకే ప్రయాణంలో కూడా లావుపాటి పైపుకు తెల్లటి ఉతికిన గుడ్డ చుట్టి, దాని మీద బొంతను పైవైపు బయటికి వచ్చేలా చుడతాను. ఈసారి ఆ చిత్తూరు బొంతలు రెండే, పెద్దది పైపు మీద, పసిపిల్లల బొంత చెల్లెలి సంచిలో.

నారాయణాద్రిలో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి తిరుపతి. సామాను మోసేవాళ్లకు ఇంతకన్నా అనువైన ప్రయాణం లేదు. పైపును సీటు కింద పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. నేల తడిగా ఉంది. గోడవైపు నిలువునా పడుకోబెట్టి, దాని పక్కనే నేనూ ముడుచుకుని పడుకున్నాను.

ఇక బస. తిరుపతిలో గదులకు కొదవ లేదు, కానీ నేను గదిని చూసే పద్ధతి వేరు. గోడ చెమ్మగా ఉందా, బాత్‌రూం తలుపు దగ్గర పెయింట్ పొట్టు లేస్తోందా, పరుపు మూలల్లో నల్లులున్నాయా, బొంత పరచడానికి మంచం కాక చోటుందా, ఇవే చూస్తాను. ముందుగా డబ్బు కట్టిన లాడ్జి ఫోటోల్లో బాగుంది. వెళ్లి చూస్తే డిసెంబర్ వానలకు కిటికీ వైపు గోడ మొత్తం ఉబ్బిపోయి ఉంది. గది మార్చమంటే ఖాళీ లేవన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వమంటే కుదరదన్నారు. ఒక రోజు అద్దె వదులుకుని బయటికొచ్చాం. చెల్లెలు బాధపడింది కానీ నాకు ఆ నిర్ణయంలో రెండో ఆలోచన లేదు. బూజు ఒకసారి పట్టిందంటే నూలు బట్టను వదలదు.

స్టేషన్ ఎదురుగా దేవస్థానం వాళ్ల విష్ణునివాసం ఉంది. దర్శనానికి వచ్చేవాళ్లకు దగ్గర, అద్దె కూడా తక్కువే, ఆధార్ కార్డు ఉండాల్సిందే. మా పని దర్శనం కాదు, మూడు నాలుగు రోజులు ఊళ్లు తిరగాలి. అందుకని ఆ గదులు యాత్రికులకే వదిలేసి, తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. రోజుకు 1,400. ఎండ వచ్చే కిటికీ, పొడి గోడలు, పొడవాటి చెక్కబల్ల. ఇంటావిడ ఆ బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, "ఇక్కడ పెట్టుకోండక్కా మీ బొంత" అంది. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు. లిఫ్టు లేదు, వేడినీళ్లు పొద్దున ఏడింటి దాకానే. నాకు అవేమీ లోటుగా అనిపించలేదు.

మర్నాడు గురువారం చంద్రగిరి. శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు కాబట్టి రోజు చూసుకుని పోవాలి. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్లలోపే. బస్సు ఊళ్లో దింపుతుంది, కోటకు మళ్లీ ఆటో కట్టుకోవాలి. మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. బయట ఎంత ఉక్కగా ఉన్నా లోపల చల్లగా ఉంటుంది. పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నవి ఎక్కువగా రాతి, కంచు విగ్రహాలే, బట్టల కోసం పోయేవాళ్లకు ఏమీ దొరకదు. అయినా కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల ముందు చాలాసేపు నిలబడ్డాను. వాళ్ల పంచెల, చీరెల మీది అంచులు లోహంలో కూడా ఎంత శ్రద్ధగా దించారో చూడండి. ముగ్గురి పేర్లూ మనకు తెలుసు. ఆ అంచు నేసిన చేతుల పేరు తెలియదు. నా ఫారంలోని గడి గుర్తొచ్చింది.

1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి దక్కిన వ్యవహారంతో చంద్రగిరి పేరు ముడిపడి ఉంది. కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే ఆ చోటును కోరుకోవడానికి ఒక కారణం అక్కడ నూలు బట్ట చవకగా దొరకడం. ఇంత పెద్ద కథంతా మన నేతగాళ్ల బట్ట కోసమేనని ఆ మెట్ల మీద కూర్చుని చెల్లెలికి చెప్పాను.

శుక్రవారం శ్రీకాళహస్తి. పసిపిల్లల బొంతకు ఒకచోట పైగుడ్డ చిరిగి, లోపలి పొర కనబడుతోంది. ఆ పొరలో నల్లటి గీతలు, ఎరుపు పువ్వు సగం. గీత ఉన్న చోటల్లా బట్ట సన్నగా తెగిపోయింది, ఎవరో బ్లేడుతో గీసినట్టు. అది కలంకారీయేనా కనుక్కోవాలి. బస్సులు వరసగా ఉంటాయి, ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ. రాహుకేతు పూజలకు వచ్చే జనంతో గుడి వీధులు కిక్కిరిసి ఉన్నాయి. ఆ వీధుల్లో కలంకారీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ప్రింటు గుడ్డలే. కొనేముందు తిరగేసి చూడండి. కలంతో వేసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకే పువ్వు రెండుసార్లు ఒకేలా రాదు. స్క్రీన్ ప్రింటుకు వెనకవైపు వెలిసినట్టుంటుంది.

మేము వెళ్లింది ఒక చిత్రకారుడి ఇంటికి. నేల మీద బట్ట పరిచి, వెదురుపుల్లకు చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ రంగు వదులుతున్నాడు. బొంత చిరుగు చూడగానే, "కలమేనమ్మా, అచ్చు కాదు. గీత వణికింది చూడండి" అన్నాడు. బట్ట ఎందుకు తెగిందో కూడా ఆయనే చెప్పాడు. నలుపు కోసం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టి కసింకారం తీస్తారు. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద అది పడగానే నల్లబడుతుంది. పాలు రంగును పక్కకు పాకనివ్వవు. కానీ ఆ ఇనుమే కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. ఎన్నో మ్యూజియాల్లోని పాత కలంకారీ గుడ్డల్లో ముందుగా పోయేది నల్లగీతే. ఎరుపు నిలుస్తుంది, నలుపు పోతుంది.

కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కి పోయిన కలం పని మంచం దుప్పట్లను యూరప్‌లో పలంపోర్లు అనేవారు, కొన్నిటికి దూది నింపి బొంతల్లా కుట్టుకునేవారు. తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1721లో వాటి మీద నిషేధాలు పెట్టేంత మోజు. అలాంటి పనిలో ఒక ముక్క ఇక్కడ, ఎవరో తల్లి తన పసిబిడ్డ కింద మెత్తగా ఉండాలని లోపల కుట్టేసింది. ఆ చిరుగును ఎప్పటికీ కుట్టనని ఆ రోజే అనుకున్నాను. ఆ తల్లి ఎవరో మాత్రం తెలియలేదు. ఆ గడి అలాగే ఉంది, పక్కన 'లోపలి పొర కలం పని కలంకారీ' అని చేర్చాను.

శనివారం చిత్తూరు. తిరుపతి నుంచి 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు పడుతుంది. పెద్ద బొంతను 2011లో చిత్తూరులో, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఒకాయన దగ్గర కొన్నాను. కాణిపాకం దగ్గరి ఒక పల్లె పేరు చెప్పాడప్పుడు, నా నోటుపుస్తకంలో ఉంది. కాణిపాకంలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ రాను, పోను 500 అన్నాడు, అక్కడ రెండు గంటలు ఆగినా ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

పల్లెలో రచ్చబండ మీద పాత చీర పరిచి బొంతను విప్పాం. ఏడు పొరలు. గళ్ల లుంగీలు, నేత చీరల కొంగులు, ఒక మూల ఎర్ర అంచు ముక్కలు మూడు కోణాలుగా. మధ్యలోంచి చుట్టూ తిరుగుతూ అంచు దాకా పోయే దబ్బనం కుట్టు. ఆడవాళ్లు మూగారు. కర్ర పోటేసుకుంటూ ఒక అవ్వ వచ్చి, కళ్లద్దాలు లేకుండానే, వేలితో ఒక గడి మీద రుద్దింది.

"ఇది మా మామ లుంగీ పాపా. పుత్తూరులో కొనుక్కున్నాడు. యాడ దొరికింది నీకు?"

బొంత కుట్టింది ఆవిడ అత్త. ఎర్ర అంచు ముక్కలున్న మూల మాత్రం ఆవిడదే, కొత్త కోడలిగా వచ్చిన ఏడు. అత్త కుట్టు చిన్నది, బియ్యపు గింజంత. కోడలి కుట్టు దానికి రెండింతలు. ఇన్నేళ్లుగా ఆ మూలను నేను తర్వాత వేసిన మాసిక అనుకున్నాను! ఫారంలో కూడా అలాగే రాశాను. ఇద్దరి కుట్టునూ ఆవిడ నా వేలు పట్టుకుని చూపిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అద్దాల్లో పెడతారంట, చూసేదానికి" అని ఎవరో చెప్పారు.

"అద్దాల్లో పెడితే ఎవురికి చలి తీరతాది?" అంది అవ్వ.

చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. మసక వెలుతురు, 50 లక్స్ దాటకూడదు. బరువంతా ఒకచోట పడకుండా వాలుబల్ల మీద పరుస్తారు. మూడు నెలలు చూపించి మళ్లీ చీకట్లో విశ్రాంతి ఇస్తారు. అవన్నీ చెప్పాను. అవ్వ విని తలూపింది. తర్వాత, ఒక్కసారి కప్పుకుంటానంది. మ్యూజియం వాళ్లు వింటే ఒప్పుకోరు. నేను చేతులారా భుజాల చుట్టూ కప్పాను. ఐదు నిమిషాలో, పదో. ఎవరూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే రాగి సంకటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టారు. తిరుపతి హోటళ్లలో నాలుగు రోజులు తిన్నదేదీ దానికి సాటి రాదు. డబ్బిస్తే కోపగించుకుంటారని, చెల్లెలు తెచ్చిన కొత్త దుప్పటి అవ్వకు ఇచ్చాం. అత్త పేరు, తన పేరు లేబుల్ మీద రాయడం అవ్వకు ఇష్టమేనా అని అడిగాను. ఇంటిపేరుతో సహా రాయమంది. ఆ పేర్లు ఇక్కడ రాయను, ఆవిడ లేబుల్ మీదికే ఒప్పుకుంది.

కాణిపాకంలో బస్సు కోసం నిలబడే మ్యూజియానికి ఫోన్ చేశాను. ప్రింటుకు సోమవారం పోతుందట. గుడికి పోయే కార్ల హారన్ల మధ్య రెండు పేర్లూ ఒక్కో అక్షరం చెప్పాను. అటువైపు అమ్మాయి రాసుకుని చదివి వినిపించింది. ఇంటిపేరులో ఒత్తు తప్పింది. మళ్లీ చెప్పాను. మళ్లీ చదివింది. ఈసారి సరిగ్గా ఉంది.