పాండవుల గుట్టలా, కుంతాల జలపాతమా?

హన్మకొండ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలంటే రేగొండ దగ్గరి పాండవుల గుట్టలే నయం. నిట్టనిలువు ఇసుకరాయి బండలు, రాక్ క్లైంబింగ్‌కు సరిపోయే గోడలు, గుహల్లో ఎర్రరంగుతో గీసిన ఆదిమానవుల బొమ్మలు. వాటిని ముట్టుకోకండి, చెరిగిపోతాయి. ఎండాకాలం మాత్రం బండలు కాలిపోతుంటాయి, చలికాలమే మేలు.

కుంతాల అలా కాదు. కరీంనగర్, నిర్మల్ మీదుగా పోతే సగం రోజు దారికే సరి. కానీ వానలు పడ్డాక కడెం వాగు 150 అడుగుల నుంచి దూకుతుంటే ఆ అలసట గుర్తుండదు. మెట్లు దిగడం సులువే, ఎక్కేటప్పుడే తెలుస్తుంది! నీళ్లలోకి దిగొద్దు, అక్కడ ప్రాణాలు పోయాయి. పిల్లలతో వెళ్లేవాళ్లు నిర్మల్‌లో రాత్రి ఆగితే టెన్షన్ ఉండదు. నాకైతే గుట్టలే ఇష్టం, ఆగస్టులో తప్ప.