గోస్‌వైన్‌స్టైన్: అమ్మానాన్నలతో వెళ్ళాల్సిన ఊరు

జర్మనీలో ఎర్లాంగెన్, న్యూరెంబర్గ్ వైపు ఉండే మనవాళ్ళ ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పే చోట్లు దాదాపు ఖాయం. రోటెన్‌బుర్గ్, మ్యూనిక్, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. చీకటితోనే లేపి, పులిహోర డబ్బాలు సర్ది, రైళ్ళు మార్చి మార్చి తీసుకెళ్తాం. కోట దగ్గర టికెట్ టైముకి అందుకోవాలని పెద్దవాళ్ళని పరిగెత్తిస్తాం. ఈసారి అవన్నీ పక్కన పెట్టి, మావాళ్ళని గోస్‌వైన్‌స్టైన్ తీసుకెళ్ళాను. నాకు తెలిసిన ఊరే, ఇక్కడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వెళ్తూ ఉన్నాను. పెద్దవాళ్ళతో ఒక పూట గడపడానికి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. అయితే మే నుంచి అక్టోబర్ లోపల, అదీ శనివారమో ఆదివారమో వెళ్ళాలి. కాలినడకన యాత్రికులు వచ్చేది ఎక్కువగా అప్పుడే. వాళ్ళు లేని రోజున వెళ్తే అందమైన చర్చి ఒకటి చూసి వస్తారు. వాళ్ళు ఉన్న రోజున వెళ్తే అది ఎందుకు కట్టారో తెలుస్తుంది.

ఊరు చిన్నది, జనాభా నాలుగు వేల చిల్లర. బవేరియాలో పల్లెకీ పట్టణానికీ మధ్యలో 'మార్క్ట్' అని ఒక హోదా ఉంది, పూర్వం సంత పెట్టుకునే హక్కు ఉన్న ఊళ్ళకి ఇచ్చేది. ఇది అలాంటి ఊరే. న్యూరెంబర్గ్‌కి ఉత్తరాన 'ఫ్రెంకిషె ష్వైట్స్' అనే కొండల ప్రాంతంలో, వీజెంట్ నది లోయకి పైన ఉంటుంది. సున్నపురాయి గుట్టలు, వాటి మధ్య సన్నటి వాగులు, చెర్రీ తోటలు. ఏప్రిల్‌లో ఆ తోటలు పూసినప్పుడు దారి పొడుగునా తెల్లగా ఉంటుంది.

మేం ఎర్లాంగెన్ నుంచి ఫోర్ఖ్‌హైమ్‌కి ఎస్-బాన్ లోకల్ రైలు, అక్కడ నుంచి ఎబర్మన్‌స్టాట్‌కి చిన్న రైలు, ఆ తర్వాత బస్సు పట్టుకున్నాం. జర్మనీ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సుల్లో చెల్లే నెలవారీ పాసు) ఉన్నవాళ్ళకి ఇదంతా అందులోనే వచ్చేస్తుంది. బస్సు లోయలోంచి వంపులు తిరుగుతూ వెళ్తుంటే ఒకచోట తల ఎత్తితే కొండ కొమ్మున కోట కనబడుతుంది. నాన్నకి మోకాళ్ళ నొప్పి కాబట్టి ఊళ్ళోకంటా బస్సులోనే వెళ్ళాం. మీ వాళ్ళు నడవగలిగితే మాత్రం కింద బేరింగర్స్‌మ్యూలె దగ్గర దిగి, అడవి దారిన ఎక్కి వెళ్ళండి. ఏటవాలుగానే ఉంటుంది గానీ నీడ ఉంటుంది, నిదానంగా ఎక్కితే ఇబ్బంది లేదు. చెట్లు అయిపోయి ఇళ్ళు మొదలయ్యాక చర్చి జంట శిఖరాలు ఒక్కసారిగా ఎదురొస్తాయి. బస్సు దిగినవాళ్ళకి ఆ అనుభవం దక్కదు.

చర్చి విషయానికొస్తే, పవిత్ర త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మలకి అంకితం చేసిన బసిలికా (పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి) ఇది. కట్టింది బల్తజార్ నోయ్‌మాన్. వ్యూర్ట్స్‌బుర్గ్ రాజభవనం కట్టినాయన, యూరో రాకముందు 50 మార్కుల నోటు మీద బొమ్మ ఈయనదే. 1730లో పునాది రాయి వేసి 1739లో ప్రతిష్ఠ చేశారు. అంతకుముందు ఇక్కడ ఉన్న పాత చర్చి వచ్చే యాత్రికులకి చాలకపోవడం వల్లే ఇంత పెద్దది కట్టాల్సొచ్చింది. అప్పట్లో బాంబర్గ్, వ్యూర్ట్స్‌బుర్గ్ రెండింటికీ బిషప్పూ పాలకుడూ అయిన ఫ్రీడ్రిఖ్ కార్ల్ ఫోన్ షోన్‌బోర్న్ దీన్ని కట్టించాడు. నోయ్‌మాన్ కట్టిన యాత్రా చర్చిల్లో మైన్ నది ఒడ్డున ఉన్న ఫీర్ట్సేన్‌హైలిగెన్‌కి పేరు ఎక్కువ, బస్సుల కొద్దీ టూరిస్టులు అక్కడికే పోతారు. దాని పని మొదలైంది 1743లో, అంటే ఇది ముందుది. అది గొప్పదే, కాదనను. కానీ అందులో నిలబడితే కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీదు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. తలుపు దాటి అడుగు పెట్టగానే చూపు నేరుగా ముందున్న పెద్ద పీఠం మీదికి పోతుంది.

తెల్లటి గోడలు, పెద్ద పెద్ద కిటికీలు, సన్నటి రిబ్బన్లు ముడులు వేసి అతికించినట్టున్న గచ్చు పని, అక్కడక్కడ బంగారు పూత. చీకటి అనేది ఎక్కడా లేదు. పై కప్పు మీది చిత్రాలు మాత్రం నోయ్‌మాన్ కాలానివి కావు, 20వ శతాబ్దంలో వేసినవి. నాకు అవి కాస్త ఎక్కువయ్యాయనిపిస్తుంది, కింద ఉన్న పనితనం ముందు ఆగవు. పీఠం మధ్యలో ఉన్న కొయ్య విగ్రహాలు ఈ చర్చి కన్నా పాతవి, సుమారు 500 ఏళ్ళ నాటివి. తండ్రి, కుమారుడు చెరోవైపు ఉండి మరియమాతకి కిరీటం పెడుతుంటారు, పరిశుద్ధాత్మ పావురం రూపంలో ఉంటుంది. అంత పెద్ద పీఠంలో ఆ విగ్రహాలు చిన్నవే. కానీ జనం వచ్చేది వాటి కోసం.

మేం లోపల కూర్చుని ఉండగా గంటలు మొదలయ్యాయి. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. వీధి చివర నుంచి ముందు శిలువ, దాని కొయ్యకి చుట్టిన పూలు, ఆ వెనక జెండాలు, ఆ వెనక బాకాలు ఊదే బృందం. తర్వాత జనం. పద్నాలుగేళ్ళ పిల్లల నుంచి మా నాన్న వయసు వాళ్ళ దాకా ఉన్నారు. ఒకాయన వీపున లౌడ్‌స్పీకర్ కట్టుకుని నడుస్తున్నాడు, ఇంకొకావిడ మైకు పట్టుకుని జపమాల చెప్పిస్తోంది, మిగతావాళ్ళు వంత పలుకుతున్నారు. బూట్ల మీద దుమ్ము. ఒకమ్మాయి మడమకి ప్లాస్టర్ వేసుకుని చెప్పులతో నడుస్తోంది. బాకా ఊదే ఆయన ముఖం ఎర్రబడిపోయింది, అంత ఎత్తు ఎక్కొచ్చి మళ్ళీ ఊపిరి బిగపట్టి ఊదాలి కదా. మెట్ల దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగి పాట అందుకున్నారు. పాడుతూనే లోపలికి వెళ్ళారు, లోపల ఆర్గన్ వాళ్ళ పాటని అందుకుంది. కొంతమంది ఏడుస్తున్నారు.

మాది విజయవాడ. మేం హిందువులమే అయినా గుణదల మేరీమాత తిరునాళ్ళకి మా వీధి మొత్తం వెళ్ళేది. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా కొండ కింద రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదు. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కేవాళ్ళు. నేను పుట్టకముందు అమ్మ అక్కడ మొక్కుకుందట. ఆ బాకాల వాళ్ళు దగ్గరికి రాగానే అమ్మ చెప్పులు విప్పేసింది. "అమ్మా, ఇక్కడ విప్పక్కర్లేదే" అన్నాను. "వాళ్ళు అంత దూరం నడిచొచ్చారే, నేను ఈ నాలుగు మెట్లు ఎక్కలేనా" అని, వాళ్ళ వెనకే లోపలికి వెళ్ళింది. చివరి బెంచీలో ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. పాటల పుస్తకం తెరిచి పేజీ కూడా చూపించింది. అమ్మకి ఒక్క ముక్క రాదు, ఆవిడకి తెలుగు రాదు. పూజ అయ్యేదాకా ఇద్దరూ ఆ ఒక్క పుస్తకం పట్టుకునే కూర్చున్నారు. ఒక్కరు కూడా మమ్మల్ని వింతగా చూడలేదు, మీరెవరు, ఎందుకొచ్చారు అన్నట్టు ఒక్క చూపు లేదు. జర్మనీలో ఇన్నేళ్ళుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, ఇది చిన్న విషయం కాదు.

కొవ్వొత్తులు లోపలే వెలిగించుకోవచ్చు, చిల్లర పట్టుకెళ్ళండి. పూజ జరిగేటప్పుడు ఫోటోలు తీస్తూ తిరగకండి, దయచేసి.

పక్కనే ఉన్న యాత్రా మ్యూజియం తప్పక చూడండి. పూర్వం చర్చి బాగోగులు చూసుకునే పనివాడి ఇల్లు అది. చిన్నదే, గంటలో అయిపోతుంది. వివరాలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి కాబట్టి భాష రానివాళ్ళకి మీరు చెప్పాల్సిందే. కానీ మొక్కుబడి వస్తువులకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మైనంతో చేసినవి అవి. ఒక వస్తువు ముందు మేం చాలాసేపు ఉండిపోయాం, బట్టల్లో చుట్టిన పసిపాప మైనపు బొమ్మ. వేళ్ళ మీద గోళ్ళు కూడా చెక్కారు. మైనం పాతబడి పసుపు తిరిగింది, బుగ్గ మీద వేసిన ఎర్ర రంగు మాత్రం నిలిచింది. పిల్ల బతకాలని మొక్కుకున్నారో, బతికాక తెచ్చిచ్చారో. నాన్న సాధారణంగా మ్యూజియంలో కుర్చీ ఎక్కడుందా అని చూస్తారు. ఇక్కడ అద్దానికి ముఖం ఆనించి, "మన దగ్గర వెండి కళ్ళు, వెండి కాళ్ళు ఇస్తారు కదమ్మా, అదే" అన్నారు. మ్యూజియం తెరిచి ఉండే రోజులు సీజన్‌ని బట్టి మారతాయి, ముందే చూసుకుని వెళ్ళండి.

కోట గురించి ఎక్కువ రాయను. వెయ్యేళ్ళ నాటి మూలాలున్నా, ఇప్పుడు కనబడే రూపం చాలావరకు 19వ శతాబ్దం చివర్లో దిద్దినది. ప్రైవేటు ఆస్తి, సీజన్లో టికెట్ తీసుకుని కొన్ని గదులు చూడొచ్చు. జర్మన్ సంగీతకారుడు వాగ్నర్‌కి తన 'పార్సిఫాల్' ఒపేరాలో కోట ఊహ ఇక్కడే కలిగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. గదుల్లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు గానీ, పైనుంచి లోయ కనబడే తీరుకి టికెట్ డబ్బులు దండగ అనిపించదు. ఓపిక ఉంటే కోట వెనక అడవిలో మరియెన్‌ఫెల్సెన్ అనే రాతి గుట్ట దాకా నడవండి, అక్కడ టికెట్ లేదు, జనం తక్కువ.

ఇక తిండి. ఈ ఊరికి తక్కువ మార్కులు వేయాల్సిన చోటు ఇదొక్కటే. మాంసం తినేవాళ్ళకి స్వర్గం. పంది భుజం మాంసం ఓవెన్లో గంటల తరబడి కాల్చి, పైచర్మం కరకరలాడేలా చేసే 'షోయ్‌ఫెలె', దాంతో బంగాళాదుంప ఉండ. నాన్న మాటల్లేకుండా తిన్నారు. వీజెంట్‌లో దొరికే ట్రౌట్ చేప కూడా బాగుంటుంది. అమ్మ మాత్రం శనివారం నీచు ముట్టదు. మేం కూర్చున్న హోటల్ పేరు చెప్పను, సలాడ్‌లో మాంసం ఉండకూడదని ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పాను, సరేనన్నారు. తీరా చూస్తే ఆకుల కింద వేయించిన పంది మాంసం ముక్కలు. చెప్తే, ఆ ముక్కలు ఏరేసి మళ్ళీ అదే ప్లేటు తెచ్చారు. ప్లేటులో నూనె మరకలు కనబడుతూనే ఉన్నాయి. మళ్ళీ గట్టిగా చెప్పాక మార్చారు గానీ, అప్పటికి అమ్మకి తినాలన్న కోరికే పోయింది. వెజ్ వాళ్ళకి నా సలహా: 'స్పెక్' (బేకన్ లాంటి పంది మాంసం) లేకుండా అని ఆ పదం వాడి మరీ చెప్పండి, మాంసం వద్దంటే కొందరు దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఉండ, గ్రేవీ అని మెనూలో కనబడితే ఆశపడకండి, ఆ గ్రేవీ మాంసం రసమే. చీజ్‌తో చేసే నూడుల్స్ లాంటి 'కేజెష్పెట్స్‌లె' ఉందేమో అడగండి. లేదంటే బేకరీలో బ్రెడ్డు, చెర్రీ కేకు కొనుక్కుని బెంచీ మీద తినండి, మేం చివరికి అదే చేశాం. ఆ కేకు మాత్రం అమ్మకి చాలా నచ్చింది. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకున్నా తప్పులేదు.

మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటశాలలు సాయంత్రం దాకా మూసేస్తారు. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, జేబులో నగదు ఉండాలి. శనాదివారాల్లో బస్సులు తక్కువ, ఒకటి తప్పిపోతే చాలాసేపు ఎదురుచూడాలి, కాబట్టి దిగగానే తిరుగు బస్సు టైము ఫోటో తీసి పెట్టుకోండి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆదివారం ఎంచుకుంటే, సీజన్లో ఎబర్మన్‌స్టాట్ నుంచి బేరింగర్స్‌మ్యూలె దాకా పాత రైలు నడుస్తుంది. దానికి టికెట్ విడిగా కొనాలి. ఆవిరి ఇంజన్ కావాలనుకుంటే ఆ రోజు దాన్నే పెడుతున్నారో లేదో ముందు కనుక్కోండి, కొన్ని రోజుల్లో డీజిల్ ఇంజన్ లాగుతుంది. కారు ఉన్నవాళ్ళు దగ్గర్లోని పొట్టెన్‌స్టైన్ గుహని కూడా అదే రోజు కలుపుకోవచ్చు. లోపల వేసవిలో కూడా చలిగా ఉంటుంది, పెద్దవాళ్ళకి స్వెట్టర్ పెట్టుకోండి.