ఎనిమిదేళ్ళు వాడిన 70 మి.మీ. రిఫ్రాక్టర్: ఉంచాలా, మార్చాలా?

2017లో కొన్న చిన్న రిఫ్రాక్టర్ ఇది, అంటే ముందు లెన్స్ ఉండే టెలిస్కోప్. లెన్స్ 70 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటుకి దూరం) 700 మి.మీ., 700ని 70తో భాగిస్తే 10, అంటే ఎఫ్/10. ఈ ఎనిమిదేళ్ళలో దీన్ని తీసేసి పెద్దది కొనేద్దామని మూడుసార్లు గట్టిగా అనుకున్నాను, మూడుసార్లూ ఆగిపోయాను. ఎందుకు ఆగానో, చివరికి ఏం తేల్చుకున్నానో రాస్తున్నాను. ఇలాంటిదే ఇంట్లో పెట్టుకుని ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఖర్చు పెట్టేముందు చదవాలని.

మొదటి ఏడాదంతా నాకు ఒకటే బాధ, ఏదీ నిలకడగా కనిపించదు. శనిని వెతికి పట్టుకున్నా, ఫోకస్ తిప్పడానికి చెయ్యి వేస్తే చాలు ఊగిపోయేది, ఆ ఊగడం ఆగడానికి ఐదారు సెకన్లు పట్టేది, ఆగాక ఫోకస్ సరిపోలేదని తెలిసి మళ్ళీ చెయ్యి వేస్తే మళ్ళీ అదే కథ, ఈలోపు గ్రహం కాస్తా పక్కకి జారిపోయేది. లెన్సే నాసిరకం అనుకున్నాను. అది తప్పని స్టార్ టెస్ట్ చేశాక తెలిసింది. బాగా మెరిసే నక్షత్రాన్ని ఎక్కువ పవర్‌లో పెట్టి, ఫోకస్‌ని కొంచెం లోపలికీ తర్వాత కొంచెం బయటికీ జరిపి చూడాలి. రెండు వైపులా ఒకే కేంద్రం చుట్టూ గుండ్రటి వలయాలు కనిపిస్తే లెన్స్ బాగున్నట్టే. నాది బాగుంది. వలయాలు కోడిగుడ్డులా ఒక పక్కకి సాగి ఉంటే మాత్రం లెన్స్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించాలి. మార్చాలా వద్దా అనే ఆలోచన ఈ పరీక్ష తర్వాతే మొదలవ్వాలి.

అసలు దోషం స్టాండుది. కాళ్ళు పూర్తిగా పొడిగించకుండా కుర్చీలో కూర్చుని చూడటం, కీళ్ళ దగ్గర బోల్టులన్నీ బిగించడం, మధ్యలో ఇసుక సంచి వేలాడదీయడం, ఈ మూడింటితోనే ఊగడం సగానికి పైగా తగ్గింది. మూడో ఏట బరువైన ఆల్ట్-అజిమత్ మౌంట్ (గొట్టాన్ని పైకీ కిందికీ, పక్కలకీ తిప్పే స్టాండు) ఒకటి కొన్నాను, నెమ్మదిగా తిప్పే నాబ్‌లు ఉన్నది. ఇక్కడ ఒక చిక్కుంది, చిన్న టెలిస్కోపుల్లో చాలావాటిలాగే నాది కూడా స్టాండు మీది ఫోర్క్‌కి రెండు పక్కల బోల్టులతో బిగించే రకం, మౌంట్‌లోకి జొనిపి బిగించే డవ్‌టెయిల్ పట్టీ కింద ఉండదు. గొట్టం కొలతకి సరిపడే రెండు రింగులు, ఒక పట్టీ విడిగా కొనాల్సి వచ్చింది. ముందే చూసుకోండి. మొత్తం మీద పెద్ద ఖర్చు ఈ మౌంటే, నేను ఒక్కరోజు కూడా పశ్చాత్తాపపడని ఖర్చు కూడా ఇదే.

ఐపీసుల (కన్ను పెట్టి చూసే చిన్న లెన్సుల) సంగతికొస్తే, దీంతో వచ్చిన 4 మి.మీ. ఐపీస్ 175 రెట్లు పెద్దది చేస్తుంది (700ని 4తో భాగిస్తే అంతే), దానికి పవర్ పెంచే 3 రెట్ల బార్లో లెన్స్ తగిలిస్తే 525 రెట్లు. పెట్టె మీద ఆ అంకె పెద్ద అక్షరాల్లో ఉంది, అది చూసే కొన్నాను. కానీ లెన్స్ వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకి రెండు రెట్లు అనేది అందరూ వాడే లెక్క, ఆ ప్రకారం 70కి 140 దాటితే కనిపించేది పెద్ద మసక మాత్రమే. ఇలా అమ్మడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది, ఎంతమంది పిల్లలు శని మసకగా కనబడి టెలిస్కోప్ అటకెక్కించేశారో. ఆ రెండూ పక్కన పడేసి 25, 10 మి.మీ. ప్లాసల్ రకం ఐపీసులు తీసుకున్నాను. 28 రెట్లు, 70 రెట్లు. తర్వాత 6 మి.మీ. కూడా కొన్నాను, 117 రెట్లు, అదే దీని పైహద్దు అనుకోవచ్చు. మీ ఫోకసర్ (ఐపీస్ దూర్చే గొట్టం) 1.25 అంగుళాలదో, పాతకాలపు 0.965 అంగుళాలదో కొలిచి మరీ కొనండి. 45 డిగ్రీల ప్రిజం తీసేసి చూపుని పక్కకి మళ్ళించే 90 డిగ్రీల స్టార్ డయాగనల్ పెట్టాక నడినెత్తిన ఉన్నవి చూడటానికి మెడ విరుచుకునే పని కూడా తప్పింది.

ఈ మార్పుల తర్వాత అదే గొట్టం ఏం చూపించిందో చెప్తాను. 2020 డిసెంబర్ 21న గురుడు, శని ఆకాశంలో డిగ్రీలో పదోవంతు దూరంలోకి వచ్చాయి. 70 రెట్లలో రెండు గ్రహాలూ, గురుడి చందమామలూ, శని వలయమూ ఒకే చూపులో! ఐపీస్ దగ్గర్నుంచి లేవలేకపోయాను. వసిష్ఠుడు ఒక్క చుక్క కాదు, రెండు. అభిజిత్ పక్కన ఉండే ఎప్సిలాన్ లైరే అనే నక్షత్రం గాలి నిలకడగా ఉన్న రాత్రుల్లో 117 రెట్లలో నాలుగు చుక్కలుగా విడిపోతుంది. 2017లో బాగా విప్పారి ఉన్న శని వలయాలు ఏటేటా సన్నబడుతూ 2025కి గీతలా అయిపోవడం ఈ ఒక్క లెన్స్‌లోంచే చూశాను. చంద్రుడి అంచున, శుక్రుడి చుట్టూ కొంచెం ఊదా రంగు వస్తుంది, నిజమే, కానీ ఎఫ్/10 కాబట్టి కంటికి పెద్ద ఇబ్బంది కాదు. ఆ రంగు కోసమే మారుద్దామనుకునేవాళ్ళు ఎఫ్/5 పొట్టి గొట్టం కొంటే అది ఇంకా ఎక్కువవుతుంది.

ఇంత చేసినా మారనివి ఉన్నాయి. ఎం13 తారాగుచ్ఛం దీంట్లో ఎప్పటికీ దూదిపింజే. స్నేహితుడి 150 మి.మీ. డాబ్సోనియన్ (నేల మీద పెట్టి తిప్పే అద్దం టెలిస్కోప్) నెలరోజులు తెచ్చి పక్కపక్కనే పెట్టి చూశాను, అందులో అంచుల దగ్గర నక్షత్రాలు విడివిడిగా మెరిశాయి. లెక్క కూడా అదే చెబుతుంది, 70 కంటే 80 మి.మీ. లెన్స్ తెచ్చే వెలుతురు సుమారు 31 శాతం ఎక్కువ, 150 అయితే 4.6 రెట్లు. అందుకే 70 అమ్మి 80 కొనడం శుద్ధ దండగ అంటాను. మారిస్తే 130కో 150కో వెళ్ళండి, లేదంటే ఉన్నదాన్ని బాగుచేసుకోండి. పోతే, ఆ నెలరోజుల్లో చంద్రుణ్ణి చూడాలనిపించిన ప్రతిసారీ నా చెయ్యి వెళ్ళింది ఈ చిన్నదాని మీదికే, ఎందుకంటే ఒక్క చేత్తో ఎత్తి బయట పెట్టెయ్యొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల సోలార్ ఫిల్టర్ పాత సెట్టులో ఉంటే ఈరోజే పగలగొట్టి పారేయండి. సూర్యుడి వేడంతా అక్కడే పోగవుతుంది, అది క్షణంలో పగలొచ్చు, పగిలితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు మొత్తం కప్పే ఫిల్టరే వాడాలి, ఫైండర్‌కి (గురి చూసుకునే చిన్న దుర్భిణికి) మూత కూడా పెట్టాలి. రెండోది, మంచు పట్టిన లెన్స్ ఆరకముందే పెట్టెలో పెట్టకండి. నాకు ఒక ఏడాది అంచున ఫంగస్ మచ్చ అలాగే వచ్చింది.

నేను తేల్చుకున్నది ఇదీ. దీన్ని అమ్మను, దీనిమీద ఇంక ఖర్చు కూడా పెట్టను. తర్వాత కొనేది 150 మి.మీ. ఎఫ్/8 డాబ్సోనియన్, ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. ఐపీసులు కొత్తవి అక్కర్లేదు, నా దగ్గరున్న 25 దాంట్లో 48 రెట్లు ఇస్తుంది, 6 మి.మీ.ది 200 రెట్లు.