నాణేలా, స్టాంపులా: ఏవి పోగేద్దాం?

ఖర్చు: నాణేలకు మొదట్లో జేబులో చిల్లరే చాలు. స్టాంపులకైతే హెడ్ పోస్టాఫీసులో 200 రూపాయలతో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరవొచ్చు, కొత్తవి ఇంటికే వస్తాయి.

శ్రమ: స్టాంపులతోనే తంటా. నీళ్లలో నానబెట్టి కవరు నుంచి ఊడదీయాలి, ఆరబెట్టాలి, వానాకాలం చెమ్మ తగలనివ్వకూడదు. నాణేలకు ఆ గొడవ లేదు, కాకపోతే చింతపండుతో తోమారో, విలువ గోవిందా!

అసలు మజా నాణేలదే అంటాను. నాణెం మీద వేసిన సంవత్సరం అంకెల కింద చూడండి: నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్‌ది (నాణేలు ముద్రించే టంకశాల), డైమండ్ ఉంటే ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. ఇక కిరాణా కొట్లో చిల్లర ఇచ్చినప్పుడల్లా అక్కడే తిప్పి చూస్తుంటాం.

రిస్క్: "పాత నాణేనికి లక్షలు" అంటూ ముందే ఫీజు అడిగేవాళ్లను నమ్మొద్దు.

ఓపిక, బొమ్మల పిచ్చి ఉంటే స్టాంపులు. పిల్లలతో కలిసి మొదలుపెట్టాలంటే నాణేలు, అవీ మింగే వయసు దాటాకే.