మసిపూసిన మారేడుకాయకు 38,000 రూపాయలు పోశాను, మీరు పోయకండి

ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల (కంటికి కనబడని పరారుణ కాంతితో తీసేవి) పిచ్చి ఉన్నవారు ఎవరైనా హైదరాబాదులో ఆ పాత కెమెరాల అంగడికి బయల్దేరుతుంటే ఒక్క నిమిషం ఆగండి. ఏ అంగడో చెప్పనక్కరలేదు, మనలో సగం మంది మొదటి లెన్సు అక్కడే కొన్నాం. గాజు అలమరలో పై అరన "ఫుల్ స్పెక్ట్రమ్‌గా మార్చిన కెమెరా" అని చీటీ అంటించి పెట్టాడు అంగడివాడు. పోయిన శనివారం నేను కొన్నాను. దాన్ని ఎవరూ మార్చలేదు. అదొక మామూలు కెమెరా, ముందు కంటికి కనబడే వెలుగును ఆపే ఒక నల్ల ఫిల్టరు, అంతే.

కొత్తవాణ్ణయితే సరే అనుకోవచ్చు. కొడాక్ ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మును 2007లో ఆపేసేదాకా, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి తడుముకుంటూ రీలు ఎక్కించిన మనిషిని నేను. నాకే ఇలా జరిగింది.

మామూలు కెమెరాలో సెన్సారు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే పలుచని గాజు పలక ఉంటుంది. దాన్ని తీసి మామూలు గాజు పెట్టడమే ఫుల్ స్పెక్ట్రమ్ మార్పు, అప్పుడు కనబడే కాంతీ ఇన్‌ఫ్రారెడూ రెండూ సెన్సారుకు చేరతాయి. మార్పు చేయని అదే మోడలు 20,000 లోపే దొరుకుతుంది. మిగతా డబ్బు నేను ఆ పలక తీసినందుకు ఇచ్చాను. తీయని పలకకు.

అంగట్లో నమ్మించిన తీరు చూడండి. కెమెరా ముందే ట్రైపాడ్ మీద ఉంది. టీవీ రిమోటు తెచ్చి లెన్సుకు ఆనించి నొక్కాడు. తెర మీద తెల్లని చుక్క మెరిసింది. "చూశారుగా సార్" అన్నాడు. చూశాను, తల కూడా ఊపాను. ఇంటికొచ్చాక మా అబ్బాయి అదే పని తన ఫోను కెమెరాతో చేసి చూపించాడు. అక్కడా అదే చుక్క. అంగట్లో ఫొటో రావడానికి కూడా చాలా సెకన్లు పట్టింది. ఎందుకంత సేపని అంగడివాణ్ణి అడిగితే "లోపల చీకటి కదా సార్" అన్నాడు. ఫిల్టరు విప్పి ఒక్కసారి చూపించమని నోరు తెరిచి అడిగి ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం మా నల్లగొండ పక్కనున్న పానగల్లు వెళ్లాను, ఛాయా సోమేశ్వరాలయానికి. ఆ ఎండలో చెట్లు వెన్నముద్దల్లా తెల్లగా, ఆకాశం నల్లగా రావాలి. ఎపర్చరు (లెన్సు రంధ్రం) 8, ఐఎస్‌ఓ (సెన్సారు చురుకుదనం) 200 పెట్టాను. నిజంగా మార్చిన కెమెరా అయితే సెకనులో వందో వంతు దరిదాపుల్లో పని అయిపోతుంది. ఇది 15 సెకన్లు అడిగింది. గర్భగుడిలో నీడ రోజంతా కదలకుండా నిలబడే గుడి అది. నా ఫొటోలో మాత్రం బయటి చెట్ల ఆకులన్నీ కదిలి పిండి చల్లినట్టు అలుక్కుపోయాయి. అనుమానం వచ్చి ఫిల్టరు విప్పాను. మార్చిన కెమెరా అయితే రంగులన్నీ ఎర్రబారి వింతగా కనబడాలి. తెరలో పచ్చని చెట్టు, నీలి ఆకాశం, బడిపిల్లల క్యాలెండరు బొమ్మలా ముచ్చటగా ఉన్నాయి. అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

సోమవారం పొద్దున మొదటి బస్సుకే హైదరాబాదు వెళ్లాను. ఫొటోలు చూపించాను. అతను కెమెరా చేతిలోకి కూడా తీసుకోలేదు. పక్కన ఎవరో కుర్రవాడు లెన్సు బేరం చేస్తున్నాడు. అతనికి వినబడేలా, "నల్లగొండ ఎండకు సెన్సారు మాడిపోయి ఉంటుంది సార్" అని నవ్వాడు. ఆ కుర్రవాడూ నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. డబ్బు వాపసు ఇమ్మన్నాను. బిల్లు తిప్పి చేత్తో రాసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు: "మార్పులు చేసిన కెమెరా, వాపసు తీసుకోబడదు."

మార్పు చేశాడు కాబట్టి వాపసు తీసుకోడట! నేను వచ్చిందే ఆ మార్పు లేదని చెప్పడానికి. ఆ మాటే అన్నాను. "అయితే ఇది మార్చని కెమెరా అని మీరే ఒప్పుకుంటున్నారు కదా సార్, మార్చనిది మేం మీకు అమ్మలేదు" అన్నాడు, కనురెప్ప కూడా ఆడించకుండా. ఆ వాదన విన్నాక నాకు మాట పెగలలేదు. నల్లగొండ బస్సు ఎక్కాక తట్టాయి అనాల్సిన మాటలన్నీ. నార్కట్‌పల్లి దాకా కిటికీతో అనుకుంటూ వచ్చాను.

ఫిల్టరు మాత్రం ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలకు వాడే నిజమైన 720 నానోమీటర్లదే, అంత న్యాయమైనా చేశాడు మహానుభావుడు.

కొనబోయేవారు కెమెరా పట్టుకుని అంగడి బయటికి ఎండలోకి రండి. ఫిల్టరు విప్పి ఏదైనా చెట్టు వైపు చూడండి. చెట్టు మామూలు పచ్చగా కనబడితే డబ్బు జేబులోంచి తీయకండి. రిమోటు ఆటలు నమ్మకండి. బిల్లు మీద ఏం మార్చారో, ఏ గాజు వేశారో రాయించుకోండి.

నా బిల్లు నా దగ్గరే ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, ఇక హైదరాబాదు తిరగక్కరలేదు. రెండు వైపులా జిరాక్సు తీయించాను. వెనక వైపు ఆ చేతిరాత చాలా స్పష్టంగా పడింది.